గాలి యంత్రం ఆకుపచ్చ చూపించినా ఇంట్లో నేల నల్లగానే ఉంటోంది

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ వాతావరణం పట్టిక వేస్తారు. గరిష్ఠం ఎంత, కనిష్ఠం ఎంత, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది, సూర్యోదయం ఎప్పుడు, సూర్యాస్తమయం ఎప్పుడు, అన్నీ ఉంటాయి. మనం పీల్చే గాలి సంగతి మాత్రం దీపావళి మర్నాడో, ఢిల్లీలో స్కూళ్ళకు సెలవులిచ్చినప్పుడో తప్ప కనపడదు. జనం మీకోసం ఆగలేదు, ఎవరి యంత్రం వాళ్ళు కొనేసుకుంటున్నారు. మా విశాఖ మర్రిపాలెంలో డాబాల మీద గాలి వేగం కొలిచే గిన్నెలు తిరుగుతున్నాయి, వాన కొలిచే డబ్బాలు కనిపిస్తున్నాయి, హాల్లో టీవీ పక్కన పీఎం 2.5 (గాలిలో తేలే, 2.5 మైక్రాన్ల లోపు సన్న రేణువులు) ఎంతో, తేమ ఎంతో, కార్బన్ డయాక్సైడ్ ఎంతో చూపించే చిన్న తెరలు వెలుగుతున్నాయి. మా ఇంట్లోనూ ఉన్నాయి, డాబా మీద ఒకటి, లోపల ఒకటి. రోజూ వాడుతున్న మనిషిగా చెబుతున్నాను, ఇవి మంచివే, పనికొచ్చేవే. కాకపోతే ఇవి ఏం కొలుస్తాయో, ఏం కొలవలేవో తెలుగులో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు. దానివల్ల ఒక పక్క అనవసరమైన టెన్షన్, ఇంకో పక్క అంతకంటే ప్రమాదమైన ధైర్యం. ఈ రెండో దాని కోసమే ముఖ్యంగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు టెన్షన్ సంగతి చెప్పేస్తాను. చలికాలంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తరచూ ఒకే గొడవ. ఒకరు తమ యంత్రం యాప్ ఫొటో పెడతారు, 154 అని ఎర్రగా, కింద ఆరోగ్యానికి హానికరం అని. ఇంకొకరు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్ తెరిచి ఇక్కడ 100 లోపే ఉంది, సంతృప్తికరం అంటున్నారు, నీ డబ్బా పాడైంది అంటారు. పాడైంది ఏమీ లేదు. ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే మన దేశపు గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) ప్రకారం అది 100, అంటే సంతృప్తికరం అనే గడికి చివరి అంచు. అదే 60 మైక్రోగ్రాములు అమెరికా వాళ్ళ సూచీ ప్రకారం, 2024లో వాళ్ళు మార్చుకున్న లెక్కతో, 154 అవుతుంది. గాలి ఒకటే, కొలత ఒకటే, పైన వేసిన రంగు వేరు. బయటి దేశాల నుంచి వచ్చే యంత్రాల యాప్‌లు చాలావరకు అమెరికా సూచీనే చూపిస్తాయి, సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకుంటే తప్ప. పైగా మన ప్రభుత్వ సూచీ 24 గంటల సగటు మీద లెక్కగట్టేది, యంత్రం చూపించేది ఈ నిమిషం సంగతి. పక్కింట్లో చెత్త తగలబెడితే ఆ పది నిమిషాలు యంత్రం గగ్గోలు పెడుతుంది, రోజు సగటులో అది కనపడదు కూడా. రెండూ నిజమే, రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే, రంగునీ సూచీనీ పక్కనబెట్టి మైక్రోగ్రాములు చూడమని. మన దేశంలో పీఎం 2.5కి రోజు సగటు పరిమితి 60, ఏడాది సగటు పరిమితి 40. ఇవి 2009లో పెట్టుకున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినవి రోజుకి 15, ఏడాదికి 5. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే ఏ యాప్ ఏ రంగు చూపించినా మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. సంతృప్తికరం అన్న మాట వినగానే నిశ్చింతగా ఉండక్కర్లేదని కూడా తెలుస్తుంది.

ఇప్పుడు యంత్రం లోపల ఏం జరుగుతుందో. కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఆ వెలుగులో దుమ్ము రేణువులు మెరుస్తూ కనిపిస్తాయి కదా, అదే పద్ధతి. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ కాంతి దాని మీద పడుతుంది, రేణువుల మీద పడి చెదిరిన కాంతిని చూసి ఎన్ని ఉన్నాయో, ఎంత సైజో, ఎంత బరువుంటాయో అంచనా కడుతుంది. అంచనా అనే మాట మరిచిపోవద్దు, ఇది తూకం వేయదు. కాలుష్య నియంత్రణ మండలి పెద్ద స్టేషన్లలో చాలాచోట్ల గాలిని ఒక టేపు మీదుగా లాగి, దాని మీద పేరుకున్న దుమ్ము బీటా కిరణాలను ఎంత అడ్డుకుందో చూసి బరువు తేలుస్తారు, తేమ లెక్కను పాడుచేయకుండా లోపలికొచ్చే గాలిని వేడి కూడా చేస్తారు. మన డబ్బాలో ఆ వేడి చేసే ఏర్పాటు మామూలుగా ఉండదు. విశాఖలాంటి సముద్రపు ఊళ్ళో దీనివల్ల చాలా తేడా వస్తుంది. తేమ 80 శాతం దాటితే రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, ఉబ్బినదాన్ని యంత్రం పెద్ద రేణువనుకుని ఎక్కువ చూపిస్తుంది. మంచు పట్టిన పొద్దున్న నీటి బిందువుల్ని కూడా దుమ్ము కింద లెక్కేసేస్తుంది. కాబట్టి తెల్లవారుజామున అంకె పెరిగితే పక్కనే తేమ ఎంతుందో చూడాలి, రెండూ ఒకేసారి పైకెళ్తే సగం అనుమానంతో చూడాలి. అలాగని చలికాలం పొద్దుటి గాలి మంచిదనీ కాదు. రాత్రిపూట నేల చల్లబడి చల్లగాలి కిందే నిలిచిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, మన ఊరికి కైలాసగిరి ఒక పక్క, యారాడ కొండ ఇంకో పక్క ఉండనే ఉన్నాయి. రాత్రి పొగంతా అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక అంకె దిగడం మా డాబా మీది యంత్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో చలికాలం పొద్దున్నే కిటికీలు తెరవడం మానేసి మధ్యాహ్నం తెరుస్తున్నాం.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఈ చిన్న యంత్రాలు సన్న రేణువుల్ని, అంటే పొగని, బాగానే పడతాయి. లావు దుమ్ముని పట్టలేవు. పీఎం 10 (10 మైక్రాన్ల లోపు రేణువులన్నీ, లావువి కూడా కలిపి) అని తెర మీద అంకె వస్తుంది, నిజమే, కానీ చాలా యంత్రాల్లో అది విడిగా కొలిచింది కాదు, సన్న రేణువులు ఇన్ని ఉన్నాయి కాబట్టి లావువి ఇన్ని ఉండొచ్చు అని లోపలి ప్రోగ్రాము కట్టిన అంచనా. లావు రేణువులు బరువుంటాయి, ఆ చిన్న ఫ్యాను వాటిని సరిగ్గా లోపలికి లాగలేదు కూడా. ఇప్పుడు పోర్టు పక్కనున్న వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు వెళ్ళి చూడండి. అక్కడి ఆడవాళ్ళు ఎన్నేళ్ళుగానో చెప్పేది ఏమిటి? నేల తుడిచిన గుడ్డ నల్లగా వస్తోంది, ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పడుతోంది, కిటికీ అంచు మీద వేలు పెడితే వేలికి అంటుతోంది అని. పోర్టులో బొగ్గు, ఇనప ఖనిజం దించి ఎక్కిస్తుంటే లేచే దుమ్ములో ఎక్కువ భాగం ఈ లావు రకమే. ఆ ఇంట్లో ఇలాంటి యంత్రం పెడితే ఏమవుతుంది? నేల నల్లగా ఉంటుంది, యంత్రం ఆకుపచ్చ చూపిస్తుంది. ఇది ఊహించి రాస్తున్నది కాదు, ఆ వైపు ఉండే మా చుట్టాల ఇంట్లో నా కళ్ళారా చూశాను. వాళ్ళబ్బాయి యంత్రం కొని పెట్టాడు, అది రోజూ బాగుంది బాగుంది అంటుంటే, ఆ పెద్దావిడ దగ్గుని ఇంట్లో వాళ్ళే వయసు మీద తోసేయడం మొదలుపెట్టారు. అంకె చూపించింది కాబట్టి మనిషి చెప్పేది అబద్ధమైపోయింది. నాకు బాధేసింది అంటే చాలా తక్కువ చెప్పినట్టు.

రేపు ఎవరైనా అధికారో, కంపెనీ మనిషో ఇలాంటి డబ్బా చేత్తో పట్టుకొచ్చి, ఇదుగో చూడండి అంతా ఆకుపచ్చే, మీరే లేనిపోని గొడవ చేస్తున్నారు అంటే ఆ బస్తీవాళ్ళు ఏం జవాబు చెప్పాలి? వాళ్ళ చేతిలో ఉండాల్సిన జవాబు ఇదీ: ఈ యంత్రం పీఎం 10ని కొలవడానికి పనికిరాదు, పీఎం 10కి సరైన పరికరం పెట్టి కొలవండి, మన దేశపు పరిమితి రోజుకి 100, ఏడాదికి 60, దానితో పోల్చి చెప్పండి. కేంద్రం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి 13 ఊళ్ళున్నాయి, విశాఖ అందులో ఒకటి. ఆ పథకానికి తర్వాత పెట్టుకున్న లక్ష్యం కూడా 2017-18తో పోలిస్తే 2025-26 కల్లా పీఎం 10ని 40 శాతం వరకు తగ్గించాలనే. ప్రభుత్వం పీఎం 10 మీద లెక్కలు వేసుకుంటుంటే, ప్రజల చేతిలో పీఎం 10ని చూడలేని యంత్రం ఉంది. ఈ తేడా తెలియాల్సింది కొన్నవాళ్ళకే కాదు, మీ విలేకరులకు కూడా.

గ్యాసుల సంగతీ ఇంతే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ తర్వాత మా ఊళ్ళో చాలామంది గాలి యంత్రాలు కొన్నది ఆ భయంతోనే, ఇంకోసారి అలాంటిది జరిగితే ఇది ముందే చెబుతుందని. దయచేసి ఆ భరోసాతో ఉండొద్దు. పీఎం 2.5 మాత్రమే చూసే యంత్రానికి గ్యాసు కనపడదు. వీఓసీ (గాలిలోకి తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలు) అని ఇంకో సెన్సారు ఉన్నవాటిలో అంకె పెరగొచ్చు, కానీ అది అగరుబత్తికీ పెరుగుతుంది, ఫినాయిల్‌తో నేల తుడిచినా పెరుగుతుంది, పోపు పెట్టినా పెరుగుతుంది. వచ్చింది ఏ గ్యాసో, ప్రమాదమో కాదో అది చెప్పలేదు. ఫ్యాక్టరీల చుట్టూ హెచ్చరిక సైరన్లు, ఆ ఫ్యాక్టరీలో వాడే గ్యాసుకి తగ్గ డిటెక్టర్లు పెట్టాల్సింది ఫ్యాక్టరీలూ ప్రభుత్వమూ. ఆ భారం మనం ఇంట్లో కొనుక్కున్న డబ్బా మీద పడకూడదు.

ఇంట్లో మాత్రం ఈ యంత్రం చేసే మేలు చాలా ఉంది, అదీ చెప్పాలి. ఎండుమిర్చి పోపు వేసినప్పుడు, సాంబ్రాణి వేసినప్పుడు, ముఖ్యంగా దోమల చుట్ట వెలిగించినప్పుడు అంకె ఎంత పైకి వెళ్తుందో ఒకసారి చూస్తే మళ్ళీ తలుపులు మూసిన గదిలో చుట్ట పెట్టబుద్ధి కాదు. ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్న రేణువులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మా ఇంట్లో చుట్టలు పోయి దోమతెరలు వచ్చాయి, పోపు పెట్టేముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేయడం అలవాటైంది. ఏసీ గదుల్లో ఇంకో సంగతి ఉంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపు మూసుకుని నలుగురు పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో ఉండే 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) నుంచి రెండు వేలకు చేరడం వింతేమీ కాదు. వెయ్యి దాటితే గదిలోకి కొత్త గాలి సరిపోవట్లేదని అర్థం. ఎయిర్ ప్యూరిఫయర్ దుమ్ము తీస్తుంది గానీ దీన్ని తీయలేదు, కిటికీ కొంచెం తెరవాల్సిందే. కొనేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌కి ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో ఆ గ్యాసునే నేరుగా కొలిచే) సెన్సారు ఉందో లేదో అడగండి, కొన్ని చవక రకాల్లో వాసనలు పట్టే సెన్సారుతో అంచనా కట్టి ఆ పేరు పెట్టేస్తున్నారు.

వాతావరణం వైపు కూడా ఇలాంటి గందరగోళాలే, కాస్త త్వరగా చెప్పేస్తాను. డాబా మీద నేరుగా ఎండలో పెట్టిన యంత్రం 44 చూపించింది, పేపర్లో 37 వేశారు, పేపరు అబద్ధం అంటారు. వాతావరణ శాఖ వాళ్ళది గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకి నాలుగైదు అడుగుల ఎత్తున, నీడలో కొలిచిన గాలి వేడి. మనది కాలిన సిమెంటు వేడి, ప్లాస్టిక్ డబ్బా వేడి. గాలి ఆడే తెల్లటి పళ్ళేల కవచంలో పెట్టి, గోడకీ ఏసీ బయటి యూనిట్‌కీ దూరంగా ఉంచితే తేడా చాలావరకు పోతుంది. అప్పుడు కూడా వాల్తేరు అంకెకీ ఎయిర్‌పోర్టు అంకెకీ మధ్య ఎండాకాలంలో రెండు మూడు డిగ్రీల తేడా ఉంటుంది, ఒకటి సముద్రం పక్కన, ఇంకోటి లోపలికి. మీరు విశాఖ అని ఒకటే అంకె వేసినప్పుడు అది ఏ స్టేషన్‌దో కూడా వేయండి.

వాన లెక్కలోనూ అంతే. వాతావరణ శాఖ రోజు అంటే పొద్దున్న 8.30 నుంచి మర్నాడు పొద్దున్న 8.30 దాకా. మన యంత్రానికి రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి. రాత్రంతా కురిసిన వాన ఒకరికి ఒకరోజు, ఇంకొకరికి రెండు రోజులు. ఈ ఒక్క ముక్క మీ పట్టిక కింద చిన్న అక్షరాల్లో వేస్తే ఎన్నో వాదనలు తగ్గుతాయి. అయినా ఇంటి దగ్గర వాన కొలవడం చాలా విలువైన పని, ఎందుకంటే వాన ఊరంతా ఒకేలా పడదు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్‌లో కురిసిన వాన బేగంపేటలో 19 సెంటీమీటర్లయితే ఘట్‌కేసర్ వైపు 32 దాకా వెళ్ళింది. బేగంపేట అంకె చూసి ఘట్‌కేసర్ చెరువుల సంగతి ఎవరికి తెలుస్తుంది? ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు, ఇది గుర్తుంటే డాబా మీద నీళ్ళెన్ని పడ్డాయో, ఇంకుడు గుంత ఎంత తవ్వాలో పిల్లలు కూడా లెక్క చెప్పేస్తారు. గరాటులో ఆకులు, పావురాల రెట్ట చేరితే మాత్రం ఆ లెక్క పోతుంది, వానాకాలానికి ముందు విప్పి కడగాలి.

ఇంకోటి, మా విశాఖవాళ్ళకి మరీ ముఖ్యం. సాయంత్రం నాలుగింటికి గాలి పీడనం పడిపోతోంది, తుఫాను వస్తోందా అని గ్రూపుల్లో ఫొటోలు పెడతారు. మన ఉష్ణమండలంలో పీడనం ప్రతిరోజూ పొద్దున్న పది, రాత్రి పది ప్రాంతాల్లో పెరిగి, సాయంత్రం నాలుగు, తెల్లవారుజామున నాలుగు ప్రాంతాల్లో తగ్గుతుంది. మూడు నాలుగు హెక్టాపాస్కల్స్ ఇలా ఊగడం రోజూ ఉండేదే. తుఫాను సంగతి తెలియాలంటే నిన్న ఇదే గంటకి ఎంత ఉందో దానితో పోల్చాలి. నిన్నా మొన్నా ఇదే టైముతో పోలిస్తే తగ్గుతూ వస్తోందంటే అప్పుడు జాగ్రత్త పడాలి, అదీ యంత్రాన్ని నమ్ముకుని కాదు, ఇక్కడే ఉన్న తుఫాను హెచ్చరికల కేంద్రం ఏం చెబుతోందో, పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో చూసుకుని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఇప్పటి యంత్రాల్లో చాలావాటికి వైఫై లేకపోతే అంకెలు ఎక్కడా దాచుకునే చోటు ఉండదు, అన్నీ కంపెనీ సర్వర్లోనే. బ్యాటరీ మీద నడిచి, సొంత తెర ఉండి, లోపల కొంత లెక్క దాచుకునేది కొనమని చెబుతాను. కంపెనీ మూతబడితే యాప్ పోయినా అది గోడ మీద పనిచేస్తూ ఉంటుంది.

మీ నుంచి నేను కోరేది పెద్దదేం కాదు. వాతావరణం పట్టికలో ఇంకో వరస పెంచండి. నిన్నటి 24 గంటల సగటు పీఎం 2.5, పీఎం 10, మైక్రోగ్రాముల్లో, పక్కన ఏ స్టేషన్‌దో, ఇంకో పక్క మన దేశపు పరిమితి. వివరాలు కేంద్ర మండలి రోజూ బయటపెడుతున్నవే, తెచ్చి వేయడమే. స్టేషన్ పనిచేయని రోజున పనిచేయలేదు అనే వేయండి, ఖాళీ వదలొద్దు. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళకి కూడా ఒక మనవి. ఏడాదికి రెండుసార్లు, చలికాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, ఇళ్ళలో యంత్రాలున్నవాళ్ళని తెచ్చుకోనిచ్చి మీ పెద్ద స్టేషన్ పక్కన కొన్నాళ్ళు పెట్టుకోనివ్వండి. ఎవరిది ఎంత ఎక్కువ చూపిస్తోందో, ఎంత తక్కువ చూపిస్తోందో అప్పుడు తెలిసిపోతుంది, సరిచేసుకుంటే ఊళ్ళో ఇన్ని డాబాల మీద ఉన్న అంకెలు మీకూ పనికొస్తాయి.

పోర్టు పక్క బస్తీల విషయంలో మాత్రం మీ పత్రికే పూనుకోవాలి. అక్కడ ఇళ్ళ మధ్య పీఎం 10ని గంటగంటకూ కొలిచే స్టేషన్లు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, వారానికి రెండు రోజులే కొలిచే పాత పద్ధతివి ఎన్ని, వాటి లెక్కలు ఆ బస్తీవాళ్ళకు తెలుగులో ఎక్కడ దొరుకుతాయి అని మీ విలేకరిని పంపి మండలిని, పోర్టుని అడిగించండి. జవాబు వస్తే వేయండి. రాకపోతే, ఫలానా తేదీన అడిగాం, ఇంకా చెప్పలేదు అని వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం.